కొంగ ముక్కున చేప

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాది 1986 పదో తరగతి బ్యాచ్. ముప్పై ఏళ్ళుగా ఒక ఉక్కు కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరుగా పని చేస్తున్నాను. కమిటీ వాళ్ళు ఫోన్ చేసి, "ఏదైనా మాట్లాడన్నా, ఉక్కు గురించి మాత్రం వద్దు" అన్నారు. "కొంగల గురించి మాట్లాడనా?" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తరువాత "సరే అన్నా, పావుగంట" అన్నారు. ఆ పావుగంటే ఇది.

నాకు కొంగలు ఈ బడిలోనే పరిచయం. తొమ్మిదో తరగతి గది కిటికీలోంచి చూస్తే ముందు వరిచేలు, వాటి అవతల కొల్లేటి నీళ్ళు. పాఠం జరుగుతున్నా నా చూపు అటే ఉండేది. ఒకరోజు ఫిజిక్స్ మాస్టారు పాఠం ఆపి, "ఎన్ని లెక్కపెట్టావురా?" అన్నారు. నిజంగానే అడిగారనుకుని "నలభై రెండండీ" అన్నాను. క్లాసంతా నవ్వింది. నా వీపు మాత్రం నవ్వలేదు.

ఆ మాస్టారే తరువాతి వారం గాజు గ్లాసులో నీళ్ళు పోసి పెన్సిల్ ముంచి, వంకరగా కనిపించడం చూపించారు. నీళ్ళలో ఉన్న వస్తువు ఉన్న లోతులో కనిపించదు, పైకి వచ్చినట్టు కనిపిస్తుంది, నిలువుగా పైనుంచి చూస్తే అసలు లోతులో ముప్పాతిక వంతే అనిపిస్తుంది అని చెప్పారు. చెప్పి నా వైపు తిరిగి, "నీ కొంగలకి ఈ పాఠం ఎవరూ చెప్పలేదు. అయినా చేప కనిపించిన చోట పొడవవు, ఉన్న చోట పొడుస్తాయి. నీకు చెప్పినా గుర్తుండదు" అన్నారు. మాస్టారు ఇప్పుడు లేరు. ఉంటే, గుర్తుందండీ అని చెప్పేవాణ్ణి.

కొన్నేళ్ళ కిందట మా అమ్మాయి ఉద్యోగంలో చేరిన ఏడాది దసరాకి నాకో కెమెరా, 600 మిల్లీమీటర్ల దాకా వచ్చే జూమ్ లెన్సు కొనిపెట్టింది. సెలవు దొరికినప్పుడల్లా ఊరికి రావడం మొదలుపెట్టాను. మా ఆవిడ మాటల్లో చెప్పాలంటే, అత్తగారి మీద లేని ప్రేమ కొంగల మీద పుట్టింది.

ఇక్కడ మన బ్యాచ్ మిత్రుడొకడి సంగతి చెప్పాలి. పేరు చెప్పనని మాటిచ్చాను. ఈ సభలోనే ఉన్నాడు, మీరు వెతకొద్దు. అభయారణ్యం హద్దుకు బయట, సొంత పట్టా భూమిలో చేపల చెరువులు చేస్తాడు. తవుడు సంచులు కట్టిన కర్రల మీద తెల్లకొంగలు వరసగా కూర్చునేది వాడి చెరువులోనే. గట్టు మీద కాపలా పాకలో కూర్చుని నేను ఫోటోలు తీసుకునేవాణ్ణి. మొదటిరోజే వాడు, "ఒరేయ్, నా చేపలు అవి తింటుంటే నువ్వు ఫోటోలు తీసుకుంటున్నావు. వాటి కింద నా పేరు కూడా వెయ్యి, మేత ఖర్చు నాది" అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు గానీ అది నవ్వులాట కాదు. వాడు చెరువుకి అడ్డంగా నైలాన్ దారాలు కట్టించాడు. పొద్దునా సాయంత్రం టపాకాయలు కాల్చడానికి ఒక మనిషిని పెట్టాడు. ఒక తెల్లవారుజామున వెళ్ళేసరికి చిన్న తెల్లకొంగ ఒకటి రెక్కకి దారం చుట్టుకుని నీళ్ళకు జానెడు ఎత్తున వేలాడుతోంది. ప్రాణం లేదు. మిత్రుడే పడవేసుకుని వెళ్ళి కొడవలితో దారం కోసి తెచ్చాడు. గట్టు మీద పెట్టి, ఏమీ మాట్లాడకుండా టీ తాగాడు. తరువాత "ఏం చెయ్యమంటావు? అవి తినేవి నా చేపలు" అన్నాడు.

"నీవేనని ఎలా తెలుసు?" అన్నాను.

"నా చెరువులోంచి తీస్తే నావి కాక మీ కర్మాగారానివా? నీ దగ్గర ఫోటోలున్నాయిగా, చూసి చెప్పు."

ఆ రాత్రి ఇంటికెళ్ళి కంప్యూటర్లో అన్ని ఫోటోలూ తిరగేశాను. చెప్పలేకపోయాను. ప్రతి ఫోటోలోనూ కొంగ సున్నం కొట్టిన గోడలా ఉంది. ముక్కున చేప ఉన్న చోట ఒక తెల్ల చార. తల ఎటుందో, పొలుసులున్నాయో లేదో, బొచ్చె పిల్లో చేదుపరిగో తెలిసే దారి లేదు. బొచ్చెకి పెద్ద తల, పైకి తిరిగిన నోరు. చేదుపరిగెకి తోక మొదట్లో నల్లచుక్క. అవేవీ ఫోటోలో లేవు. అన్ని వందల ఫోటోలూ సాక్ష్యానికి పనికిరావు.

ఎందుకిలా అయిందో ఆలోచిస్తే, అది నా ఉద్యోగంలో రోజూ చూసే జబ్బే. కొలిమి వేడిని కొలిచే పరికరం 4 నుంచి 20 మిల్లీఆంపియర్ల మధ్య సంకేతం పంపుతుంది. 20 అంటే ఆ పరికరం కొలవగలిగిన గరిష్ఠ వేడి. వేడి అంతకు మించిపోయిందనుకోండి, సంకేతం ఆ పైన కొంచెం జరిగి అక్కడే నిలబడిపోతుంది. మించింది పది డిగ్రీలా, రెండొందల డిగ్రీలా అంటే అది చెప్పలేదు. కుంచం నిండాక పోసిన గింజలు కింద రాలిపోతాయి, ఎన్ని రాలాయో కుంచానికి తెలియదు. కెమెరా సెన్సరులో ప్రతి చుక్కా అలాంటి కుంచమే. నిండిన చుక్క తెలుపు. పక్క చుక్కా నిండితే అదీ తెలుపే. రెంటికీ తేడా లేకపోతే ఈకా లేదు, పొలుసూ లేదు.

చీకటి అలా కాదు. సగమే నిండిన కుంచంలో ఎన్ని గింజలున్నాయో లెక్కపెట్టొచ్చు. నల్లగా వచ్చిన భాగాన్ని తరువాత కంప్యూటర్లో కొంత వెలిగించుకోవచ్చు. కాస్త గరుకుదనం వస్తుంది, అంతే. పొంగిపోయిన తెలుపుని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. అందుకని తెల్లపక్షి ఫోటోకి మొదటి సూత్రం: ముందు తెలుపుని కాపాడుకో, నలుపు సంగతి ఇంటికెళ్ళి చూసుకో.

మరి కెమెరా తనంతట తాను ఎందుకు కాపాడదు? దానికి అది కొంగని తెలియదు కనుక. కెమెరాలోని లైట్ మీటరు తన ముందున్నదంతా కలిపితే ఒక మధ్యరకం బూడిదరంగు అనుకుని లెక్క వేస్తుంది. ఫ్రేము నిండా తెల్లకొంగే ఉంటే అమ్మో ఎంత వెలుగని తగ్గించేస్తుంది, కొంగ మాసిన పంచెలా వస్తుంది. అదే కొంగ చిన్నదై, వెనక నల్లటి నీళ్ళో గుర్రపుడెక్కో ఉంటే, అయ్యో చీకటని పెంచేస్తుంది, కొంగ కాలిపోతుంది. కొంగ మారలేదు, దాని మీద పడే ఎండ మారలేదు, మారింది వెనకున్న తెర. ఒకే కొంగ నాలుగడుగులు నడిస్తే నాలుగు రకాలుగా వచ్చేది అందుకే.

మందు చాలా సులువు. కెమెరా తెలివిని పక్కన పెట్టి మాన్యువల్‌లో మనమే పెట్టాలి. ఎండ మారనంత సేపూ ఆ అంకెలు మార్చకూడదు. ఫిల్ము రోజుల నుంచీ ఉన్న ఒక లెక్క ఉంది: నిండు ఎండలో ఎపర్చరు ఎఫ్/16 పెడితే, షట్టరు వేగం ఐఎస్ఓ అంకెకి సమానం. ఐఎస్ఓ 400 అయితే సెకనులో 400వ వంతు. కొంగ వేటకి ఆ వేగం చాలదు కనుక ఎపర్చరు ఎఫ్/5.6కి తెరిస్తే వేగం 3200వ వంతుకి వస్తుంది. ఇది మామూలు వస్తువులకి. ఎండలో మెరిసే తెల్లకొంగకి ఇంకో స్టాపు తగ్గించాలి. అంటే అదే వేగంలో ఎఫ్/8. ఇది మొదలుపెట్టే చోటు మాత్రమే. పొద్దున్నే ఎండ ఇంకా లేతగా ఉంటే దీనికంటే తెరవాలి, మబ్బు పడితే ఇంకా తెరవాలి.

సరిగ్గా పెట్టామో లేదో చూడడానికి కెమెరాలోనే రెండు సాధనాలున్నాయి. ఒకటి హిస్టోగ్రాం. ఆ గుట్ట కుడిగోడ దాకా రావాలి, గోడకి తగిలి పైకి ఎక్కకూడదు. రెండోది, పొంగిన చోట తెర మీద మిణుకుమిణుకుమనే హెచ్చరిక. కొంగ వీపు మిణుకుతుంటే వెంటనే తగ్గించాలి. అయితే ఈ రెండూ కెమెరా తయారుచేసిన జేపెగ్ బొమ్మని చూసి చెప్పేవి. అసలు సమాచారం రా ఫైల్లో ఉంటుంది. అందుకని రా లోనే తీయాలి, బొమ్మ సెట్టింగు న్యూట్రల్‌లో, కాంట్రాస్టు తక్కువలో పెట్టుకోవాలి. అప్పుడు ఆ హెచ్చరిక నిజానికి దగ్గరగా ఉంటుంది.

ఇక్కడ చేపతో ఒక చిక్కుంది. తెల్లటి ఈక వెలుగుని నలుదిక్కులా సమంగా చెదరగొడుతుంది. తడి చేప అద్దం లాంటిది. ఎండ ఏ కోణంలో పడితే ఆ కోణంలో ఒక్కసారిగా భగ్గుమంటుంది. ఆ మెరుపుని కూడా కాపాడాలని కూర్చుంటే కొంగ కాకిలా వస్తుంది. ముక్కు మీది నీటిబొట్టు, చేప కంటిలో చుక్క, పొలుసు మీద గీత లాంటి తళుకు, ఇవి పోతే పోనివ్వాలి. అవి ఫోటోకి ప్రాణం కూడా. పోకూడనిది ఈక, చేప ఒంటి మీద విశాలంగా పరుచుకున్న భాగం. ఏది వదులుకోవచ్చు, ఏది వదులుకోకూడదు అన్నది కెమెరా చెప్పదు. అది మనిషి నిర్ణయించాల్సిందే.

అసలు మందు మాత్రం మీటలో లేదు, గడియారంలో ఉంది. సూర్యోదయం తరువాత మొదటి గంట, గంటన్నర. ఎండ ఏటవాలుగా పడుతుంది, ఈక ఈకకీ నీడ ఉంటుంది. పది దాటాక మన ఎండలో కొంగ వీపు మండుతుంది, పొట్ట నల్లబడుతుంది. ఆ వేళ ఫోటో కంటే చద్దన్నం మేలు. ఇంకొకటి, పల్చటి మబ్బు రోజుల్ని తిట్టుకోవద్దు. ఎండకి జల్లెడ పట్టినట్టు ఉంటుంది, తెలుపు నలుపు రెండూ దక్కుతాయి.

ఇక వేట. కొంగ పొడిచేది రెప్పపాటులో. అప్పుడు అంకెలు సరిచూసుకునే తీరిక ఉండదు. అందుకే వెలుగు లెక్కంతా ముందే తేల్చేసుకుని, ఆ తరువాత కొంగనే చూడాలి. మెడ ఎస్ ఆకారంలో ముడుచుకుని, శరీరం ముందుకి వంగి, ముక్కు కదలకుండా ఆగిందంటే లెక్క వేస్తోందన్నమాట. మాస్టారు చెప్పిన ఆ గ్లాసులో పెన్సిల్ లెక్క. చిన్న తెల్లకొంగ అయితే ముందు నల్లకాలి చివరున్న పసుపు పాదంతో బురద కలియబెడుతుంది. అది మనకి ముందస్తు కబురు. పొడిచాక చాలామంది కెమెరా దించేస్తారు. అసలు ఫోటో అప్పుడే మొదలవుతుంది. ముక్కున అడ్డంగా ఉన్న చేపని కొంగ అలాగే మింగలేదు. రెక్కముళ్ళు గొంతులో గుచ్చుకోకుండా తలవైపు నుంచి మింగాలి. అందుకని చేపని ముక్కులోనే తిప్పుకుంటుంది, ఒక్కోసారి గాల్లోకి ఎగరేసి పట్టుకుంటుంది. ఆ ఒకటి రెండు సెకన్లలో చేప పక్కవాటుగా, నిండుగా కనిపిస్తుంది. ఏ చేపో తెలిసేది అప్పుడే.

ఇవన్నీ నేర్చుకోవడానికి నాకు రెండు శీతాకాలాలు పట్టింది. చేసిన తప్పు ఒకటి దాచకుండా చెప్తాను. మొదట్లో దగ్గరికి వెళ్ళాలన్న ఆత్రంతో గట్టు దిగి, తుంగలోంచి వంగి వంగి వెళ్ళాను. నారాయణ పక్షి ఒకటి పెద్ద మట్టగిడసని పట్టి తిప్పుకుంటోంది. నన్ను చూసి చేపని వదిలేసి ఎగిరిపోయింది. ఎంతసేపు ఒంటికాలి మీద నిలబడి సంపాదించుకుందో! చేప నీళ్ళలో పడింది, ఫోటో నాకూ దక్కలేదు, తిండి దానికీ దక్కలేదు. ఆ రోజు నుంచి నేను వెళ్ళడం మానేశాను. చీకటితో పాకలోకి చేరి కూర్చుంటాను. అవే వస్తాయి. గూళ్ళ దగ్గర మాత్రం అసలు కెమెరా ఎత్తను. తల్లి లేస్తే కాకి దిగుతుంది.

రెండో శీతాకాలం చివర మిత్రుణ్ణి కూర్చోబెట్టి ఫోటోలు చూపించాను. ఈసారి ఈక ఈకా కనిపిస్తోంది, చేప చేపా కనిపిస్తోంది. వాడు ఫోటో చూసినట్టు చూడలేదు, సరుకు చూసినట్టు చూశాడు. "ఇది చేదుపరిగె. ఇదీ అదే. ఇది రొయ్య. ఇది తిలాపియా పిల్ల. ఇది జెల్ల." అలా చెప్తూ పోయాడు. మధ్యలో ఒక్కచోట ఆగాడు. "ఇది నాదే. శీలావతి పిల్ల. ఇది నర్సరీ చెరువు గట్టు కదా?" అన్నాడు. అవును, అది నర్సరీ దగ్గర తీసినదే.

పెద్ద చెరువులో వాడు వదిలేది 150 గ్రాములు దాటిన పిల్లని. అంత చేపని చిన్న తెల్లకొంగ మింగలేదు. అది అక్కడ ఏరుకుంటున్నది వాడు వదలని చేపల్ని, వాడి మేతలో వాటా పంచుకునే చిల్లర చేపల్ని. నర్సరీలో మాత్రం వాడి మాటే నిజం. నేను దాచలేదు. దాస్తే కాలిపోయిన ఫోటోకీ నాకూ తేడా ఏముంది?

వాడు ఊరికే ఒప్పుకునే మనిషి కాదు. "నీటికాకి సంగతేంటి? గూడబాతు సంగతేంటి?" అన్నాడు. అవి వేరే లెక్క, అవి మునిగి, ముంచి పెద్ద చేపనే పడతాయి, నా దగ్గర వాటికి జవాబు లేదు అన్నాను. కాసేపు లెక్కలు వేసుకున్నాడు. ఆ వేసవిలో నర్సరీ చెరువు మీద దారాలు తీసేసి, పక్షి చిక్కుకోకుండా బిగుతుగా లాగి కట్టిన చిన్నకన్ను వల వేయించాడు. పెద్ద చెరువు మీద దారాలు తీయించేశాడు. టపాకాయలు మానలేదు, నీటికాకుల కోసం. కానీ దారానికి వేలాడిన కొంగని మళ్ళీ నేను చూడలేదు.

దీన్ని గొప్ప విజయంగా చెప్పడం లేదు. కొల్లేరు కథ చాలా పెద్దది. 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో చెరువుల గట్లు కొట్టేశారు. ఆ రోజుల్లో మన ఊళ్ళలో ఏ ఇంట్లో ఎంత నష్టమో, ఎంత కన్నీరో ఇక్కడున్న వాళ్ళందరికీ తెలుసు. పక్షి వైపు ఒకరు, మనిషి వైపు ఒకరు నిలబడి అరుచుకోవడమూ మనం చూశాం. ఆ అరుపుల్లో చాలా సంగతులు నా మొదటి ఫోటోల్లా ఉంటాయి. ఒకపక్క అంతా తెలుపు, ఇంకోపక్క అంతా నలుపు, మధ్యలో చేప ఏదో ఎవరికీ కనపడదు. నేను చేసిందల్లా ఒక్క చెరువు దగ్గర, ఒక్క కొంగ ముక్కున, చేప ఏదో కనపడేలా చేయడం. మిగిలిన నిర్ణయం దాని యజమానే చేశాడు.

చివరగా బడి పిల్లలకి ఒక మాట. మీ తొమ్మిదో తరగతి గదికి నా ఫోటోలు పన్నెండు ఫ్రేము కట్టించి ఇస్తున్నాను. ప్రతి దాని కింద కొంగ పేరు, చేప పేరు రాయించాను. చేప పేర్లు రాసినవాడు నా మిత్రుడే. మేత ఖర్చు వాడిది కనుక వాడి పేరు కూడా వేయించాను, ఆ ఒక్కచోట మాట తప్పినందుకు వాడు నన్ను క్షమించాలి. ఆ గది కిటికీ ఇప్పటికీ అటే ఉందని హెడ్‌మాస్టరు గారు చెప్పారు. పాఠం జరుగుతుండగా అటు చూడొద్దని మాత్రం నేను చెప్పను. చూస్తే సరిగ్గా చూడండి, లెక్కపెట్టండి. మాస్టారు అడిగితే అంకె చెప్పండి. దెబ్బ పడితే ఆ బాధ్యత నాది కాదు.

పావుగంట దాటినట్టుంది.